ఫ్రోజెన్ క్యూబ్‌ని ముందు కప్పులో వేయండి, ట్యాంక్‌లోకి చేత్తో పంపండి

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. నాలుగడుగుల చేపల ట్యాంక్, అందులో మూడంగుళాల డిస్కస్‌లు (పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉండే చేపలు) ఐదు, కార్డినల్ టెట్రాలు (గుంపుగా తిరిగే చిన్న చేపలు) పదిహేను, కోరీలు (అడుగున తిరిగే చిన్న చేపలు) ఆరు. హైదరాబాద్‌లో బోరు నీళ్ళు, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 దగ్గర. ఇన్నాళ్ళూ పెల్లెట్లే (పొడి మేత గుళికలు) వేసి, ఈమధ్యే ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (ఐస్ ముక్కల్లా గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు) మొదలుపెట్టారు. పూటకు రెండు క్యూబ్‌లు అలాగే నీళ్ళలో వేస్తున్నారు. రెండు డిస్కస్‌లు ముక్క దగ్గరే కాపు కాసి తినేస్తున్నాయి, మిగతావి దగ్గరికి రావడం లేదు, సగం పురుగులు ఇసుకలోకి పోతున్నాయి. వారం తిరిగేసరికి నీళ్ళు తెల్లగా మసకబారాయి, ఒక డిస్కస్‌కి పొట్ట ఉబ్బింది. ఇంకో చిన్న ట్యాంక్‌లో ఉన్న పీ పఫర్లు (అతి చిన్న పఫర్ చేపలు) మాత్రం ఫ్రోజెన్‌ని ముట్టుకోవడమే లేదు. మానేయాలా, మెల్లగా అలవాటు చేసే పద్ధతి ఉందా అని అడిగారు.

మానక్కర్లేదండీ. మేత మంచిదే, ఇచ్చే తీరు మారాలి. చేప తినే వేగం ఒకటి, ఐస్ కరిగే వేగం ఒకటి. క్యూబ్‌ని నేరుగా ట్యాంక్‌లో వేస్తే మేత ఎంత వేగంగా పడాలో ఐసే నిర్ణయిస్తుంది. ఆ వేగాన్ని మీ చేతిలోకి తెచ్చుకుంటే మీరు చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఈసారి మేత వేసేటప్పుడు గాజు దగ్గర కూర్చుని గమనించండి. డిస్కస్ ట్యాంక్ నీళ్ళు 28 నుంచి 30 డిగ్రీలు ఉంటాయి. ఆ వేడికి క్యూబ్ అంచులు వెంటనే మెత్తబడతాయి, మధ్య భాగం ఇంకా గడ్డగానే ఉంటుంది. ఐస్ కాబట్టి పైనే తేలుతుంది. పైకి రావడానికి ధైర్యం ఉన్నది గుంపులో పెద్ద చేప ఒక్కటే. అది ముక్కని పొడుస్తూ, పక్కకొచ్చిన దాన్ని తరుముతూ ఉంటుంది. కాసేపటికి గడ్డ ఒక్కసారిగా విడిపోయి పురుగులన్నీ కుప్పగా కిందికి జారతాయి. అప్పటికే ఆ పెద్దదానికి పొట్ట నిండింది, చిన్నవి భయంతో మూలకు పోయాయి. టెట్రాలు రెండు మూడు అందుకుంటాయి, మిగతాదంతా ఇసుకే తింటుంది. అంటే ఒక చేపకి మోతాదు మించింది, ఇంకో చేపకి ఏమీ అందలేదు, నీళ్ళకి చెత్త మిగిలింది. మూడింటికీ కారణం ఒక్కటే.

చెత్త ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. మామూలుగా దొరికే 100 గ్రాముల ప్యాకెట్‌లో 30 దాకా గళ్ళుంటాయి. అంటే క్యూబ్ 3 గ్రాముల పైచిలుకు. అందులో తొంభై శాతం దాకా నీళ్ళే, ప్రోటీన్ 5 శాతం చుట్టుపక్కల. రెండు క్యూబ్‌లలో మూడో వంతు గ్రాము ప్రోటీన్ అనుకోండి. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్, అంటే 50 మిల్లీగ్రాముల పైన. మీ ట్యాంక్ 4 × 1.5 × 1.5 అడుగులైతే ఇసుక, దుంగలు పోను నికరంగా 220 లీటర్ల నీళ్ళుంటాయి. రెండు క్యూబ్‌లూ తినకుండా పూర్తిగా కుళ్ళిపోతే లీటరుకు పావు మిల్లీగ్రాము నైట్రోజన్ అమ్మోనియాగా దిగుతుంది. కుదురుకున్న ఫిల్టర్, అంటే అమ్మోనియాని తినే మంచి బాక్టీరియా లోపల బాగా పెరిగినది, దాన్ని తట్టుకుంటుంది. అయితే మీరు పూటపూటకూ వేస్తున్నారు, పైగా చేప తిన్నదాంట్లో కూడా చాలా భాగం మొప్పల ద్వారా అమ్మోనియాగానే బయటికొస్తుంది.

చేప తింటే అమ్మోనియా, తినకపోతే అమ్మోనియా, ఇంకేం తేడా అని మీకు అనిపించవచ్చు. తేడా ఉంది. తిన్నదాంట్లో కొంత ఒంటికి పడుతుంది, మిగతాది గంటల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది. ఇసుకలో కుళ్ళేది బాక్టీరియాని పెంచుతుంది. మీకు కనిపించిన తెల్ల మసక ఆ బాక్టీరియానే. అది కుళ్ళబెట్టేటప్పుడు ఆక్సిజన్ లాగేస్తుంది. 30 డిగ్రీల నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి నిలవదు, ఉన్నదే తక్కువ. మీ పీహెచ్ కూడా గుర్తుంచుకోండి. పీహెచ్ 7 ఉన్న నీళ్ళలో మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం ఒక్క శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర, 28 డిగ్రీల వేడిలో అది ఆరు శాతం దాటుతుంది. అందుకే పీహెచ్ తక్కువగా ఉండే మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో ఎవరో చేసి నెగ్గుకొచ్చిన పద్ధతి బోరు నీళ్ళ ట్యాంక్‌లో నెగ్గదు.

ఇక పద్ధతికి వద్దాం. ఒక చిన్న గాజు కప్పు, ట్యాంక్‌కే కేటాయించిన సన్న జల్లెడ ఉన్న టీ వడపోత, ఒక సిరంజి కావాలి. సిరంజి మామూలు ఇంజెక్షన్‌ది వద్దు, ముక్కు సన్నగా ఉండి పురుగులు ఇరుక్కుంటాయి. మంచాన ఉన్న రోగులకు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడానికి వాడే 50 మిల్లీలీటర్ల సిరంజి అని మెడికల్ షాపులో అడగండి, దాని ముక్కు లావుగా ఉంటుంది. దానికి అడుగు పొడవున్న గట్టి పారదర్శక గొట్టం తొడిగితే చెయ్యి నీళ్ళలో పెట్టకుండానే ట్యాంక్ అడుగు దాకా అందుతుంది.

కప్పులో సగానికి ట్యాంక్ నీళ్ళు తీసుకుని క్యూబ్‌ని అందులో వేయండి. మన ఎండలకి పది నిమిషాల్లో కరిగిపోతుంది. తొందరపడి వేడినీళ్ళు పోయొద్దు, మైక్రోవేవ్ అసలే వద్దు. పురుగు పైచర్మం చిట్లి లోపలిదంతా నీళ్ళలోకి వచ్చేస్తుంది, చేపకి తొక్కే మిగులుతుంది. కరిగాక కప్పు వైపు చూడండి, నీళ్ళు పలచటి టీ డికాషన్‌లా ఉంటాయి. ఆ రంగు చిట్లిన పురుగుల రసం. అందులో పోషకాలున్నాయి, పారబోయకూడదు అనేవాళ్ళున్నారు. ఉన్నమాట నిజమే, కానీ కరిగిపోయిన రసాన్ని చేప నోటితో పట్టుకోలేదు. దాన్ని తినేది నాచు, బాక్టీరియా. నేను వడకట్టి పారబోస్తాను. వడపోతలో ఉన్న పురుగుల మీద ఇంకొంచెం ట్యాంక్ నీళ్ళు పోసి, శుభ్రమైన నీళ్ళున్న కప్పులోకి తిప్పేస్తాను. అప్పుడు పురుగులు విడివిడిగా, ఎర్రగా, నీళ్ళు తేటగా కనిపిస్తాయి. నల్లబడి, ముద్దగా, వాసన వేస్తుంటే ఆ ప్యాకెట్ మొత్తం పక్కన పెట్టేయాల్సిందే.

మేత వేసే ముందు ఫిల్టర్ ఆపండి. ఎయిర్ పంప్ ఆపొద్దు. ఫిల్టర్ నడుస్తుంటే సగం పురుగులు దాని నోట్లోకే పోతాయి. అయితే ఫిల్టర్‌ని తిరిగి ఆన్ చేయడం మర్చిపోతే పెద్ద ప్రమాదం. కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్) లోపలి మంచి బాక్టీరియాకి గంటలకొద్దీ ఆక్సిజన్ అందకపోతే చచ్చిపోవడం మొదలవుతుంది. ఫోన్‌లో పదిహేను నిమిషాల అలారం పెట్టుకుని అప్పుడు ఆపండి.

ఇప్పుడు సిరంజిలోకి తీసుకుని గొట్టం చివర నీటిమట్టానికి ఒక చెయ్యంత లోతుకు దించండి. మెల్లగా నొక్కితే ఐదారు పురుగులు బయటికొస్తాయి. ఆగండి. డిస్కస్ పరుగెత్తి మింగే చేప కాదు. దగ్గరికొచ్చి, కాస్త వెనక్కి తగ్గి, ఒక కన్నుతో చూసి, అప్పుడు లాగుతుంది. కొన్నిసార్లు ఉమ్మేసి మళ్ళీ తీసుకుంటుంది. ఇసుక మీద పడినదాన్ని నోటితో నీళ్ళు ఊది లేపి మరీ తింటుంది. ఆ నోరు నమలడం ఆగాక మళ్ళీ నొక్కండి. రెండోసారి గొట్టాన్ని ఇంకో మూలకి తీసుకెళ్ళండి, భయపడే చేప ఎక్కడ నిలబడిందో అక్కడికి. ఇలా పది నిమిషాలు పడుతుంది. చివరి పురుగు ఇసుకని తాకేలోపు ఎవరో ఒకరు అందుకోవాలి. ఒక్కటి కూడా కింద పడి అలాగే ఉండిపోతే ఆ పూటకి మోతాదు అయిపోయినట్టే, కప్పులో ఎంత మిగిలినా సరే.

మిగిలినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. కరిగి మళ్ళీ గడ్డకట్టిన మేతలో బాక్టీరియా ఒకసారి పెరిగి ఉంటుంది, ఫ్రీజర్ దాన్ని చంపదు, అలాగే నిలిపి ఉంచుతుంది. మొక్కల కుండీలో వేసేయండి. దీన్ని తప్పించాలంటే గడ్డగా ఉన్నప్పుడే కత్తితో క్యూబ్‌ని సగం కోసి, కావాల్సినంతే కరిగించుకోవాలి.

మోతాదు గురించి. ముందు మూడు నాలుగు రోజులు రోజుకి సగం క్యూబ్, ఒకే పూట చాలు. మిగతా పూటలు పాత పెల్లెట్లే. కింద ఏమీ మిగలకపోతే, మలం గోధుమ రంగులో మామూలుగా ఉంటే, ఒక క్యూబ్‌కి వెళ్ళండి, అదీ పొద్దున సగం, సాయంత్రం సగం. రెండు వారాలు దాటాక రెండు క్యూబ్‌ల దాకా వెళ్ళొచ్చు, అప్పుడు పెల్లెట్లు ఆ మేరకు తగ్గించాలి. మీవి ఇంకా ఎదిగే వయసులో ఉన్న డిస్కస్‌లు, రోజుకి నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా తినాలి. ఒకేసారి ఎక్కువ వేసి రోజంతా ఖాళీగా ఉంచడం వాటికి సరిపడదు. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి అన్నిసార్లు కుదరదు కాబట్టి మధ్యాహ్నం పూటలకి ఆటో ఫీడర్‌లో పెల్లెట్లు పెట్టి, ఫ్రోజెన్ మాత్రం మీరు ఇంట్లో ఉన్నప్పుడే చేత్తో ఇవ్వండి.

టెట్రాలు, కోరీల సంగతి. టెట్రాలు చురుకైనవి, వాటి నోరు చిన్నది. బ్లడ్‌వార్మ్ ఒక్కోసారి వాటికి నోట్లో పట్టదు, సగం బయట వేలాడుతూ ఉంటుంది. వాటికి సైక్లోప్స్, ఆర్టీమియా (రొయ్యల కోవలోని అతి చిన్న నీటి జీవులు) లాంటి చిన్న మేత నయం. ముందుగా ట్యాంక్ ఒక చివర ఇది కొంచెం వదిలితే టెట్రాలన్నీ అక్కడికి పోతాయి. అప్పుడు రెండో చివర డిస్కస్‌లకి తీరికగా ఇవ్వచ్చు. కోరీలకి మాత్రం లైటు ఆపి కాసేపయ్యాక, అదే గొట్టాన్ని ఇసుక దాకా దించి, ఒక చిన్న గాజు పళ్ళెంలో వదలండి. పళ్ళెం ఎందుకంటే పొద్దున మిగిలింది ఏదైనా ఉంటే తీసేయడం తేలిక. డిస్కస్‌లు పారేసినదే కోరీలకి తిండి అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. కోరీలు తిండిలేక చిక్కి చచ్చేది ఎక్కువగా అందువల్లే, వాటికంటూ మేత వేయాలి.

చేత్తో పది నిమిషాలు నిలబడే తీరిక లేని రోజున కోన్ ఫీడర్ వాడొచ్చు. గాజుకి అతికించే, చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ గరాటు అది, లైవ్ ట్యూబిఫెక్స్ (బతికున్న సన్నటి ఎర్ర పురుగులు) వేయడానికి షాపుల్లో తక్కువ ధరకే అమ్ముతారు. కరిగించి కడిగిన పురుగుల్ని అందులో వేస్తే చిల్లుల్లోంచి తలలు బయటికి వస్తాయి, చేపలు ఒక్కొక్కటే లాక్కుంటాయి. గడ్డని అలాగే కోన్‌లో పెట్టేస్తే వేగం తగ్గుతుంది కానీ రసమంతా ట్యాంక్‌లోకే దిగుతుంది. పైగా పెద్ద డిస్కస్ ఆ కోన్ దగ్గరే కాపలా కాస్తుంది. ఎదురెదురు మూలల్లో రెండు కోన్‌లు పెడితే ఒకే చేప రెండింటినీ ఆపలేదు.

సెలైన్ సెట్‌తో చుక్కలు చుక్కలుగా ఇవ్వచ్చా అని కొందరు అడుగుతుంటారు. ఆలోచన మంచిదే కానీ ఆ సెట్ లోపల సన్నటి జల్లెడ ఉంటుంది, సైక్లోప్స్ కూడా దాటలేవు. దానికి బదులు ఎయిర్ పంప్ గొట్టాన్నే కప్పులోంచి సైఫన్‌లా పెట్టి, చిన్న వాల్వ్‌తో ధార తగ్గించండి. ఆర్టీమియా, డాఫ్నియా (అదే కోవలోని ఇంకో చిన్న జీవి) లాంటివి ఇరవై నిమిషాల పాటు కొద్దికొద్దిగా దిగుతాయి. మేత అడుక్కి చేరకుండా కప్పులో అప్పుడప్పుడు కలపాలి. బ్లడ్‌వార్మ్స్‌కి ఇది పనికిరాదు, వాల్వ్ దగ్గర ఉండకట్టేస్తాయి. కొద్దికొద్దిగా రోజంతా తినే సముద్రపు చేపలకి, ముఖ్యంగా ఆంథియాస్‌కి, ఈ పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది.

గడ్డగా ఉన్న మేత మింగితే చల్లదనానికి చేప చచ్చిపోతుందా అని కూడా అడిగారు. చిన్న ముక్క నోట్లోకి పోయేలోపే కరిగిపోతుంది, దానికి అంత టెన్షన్ అక్కర్లేదు. ఆస్కార్, అరవానా లాంటి పెద్ద నోటి చేపలు మాత్రం క్యూబ్‌కి క్యూబ్ మింగేస్తాయి, వాటికి గడ్డగా అసలు ఇవ్వొద్దు. మీ విషయంలో కరిగించమనేది అన్ని చేపలకీ వాటా అందడం కోసం, నీళ్ళు పాడవకుండా ఉండటం కోసం.

ఇక పీ పఫర్లు. ఇవి మన కేరళ నదుల చేపలు, అంగుళం పైన కాస్త పెరుగుతాయంతే. కదిలేదాన్ని వేటాడి తినే రకం. పడి ఉన్న పురుగు వాటికి తిండిలా కనిపించదు. షాపులో లైవ్ మేత మీద ఉండి వచ్చాయంటే మరీ మొండిగా ఉంటాయి. ఆకలి మాడ్చి దారికి తెద్దామనుకోవద్దు, ఇంత చిన్న ఒంటికి అది ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడు తింటున్న లైవ్ మేత, నత్త పిల్లలో ఇంకేదో, ఆపకుండానే కలుపుతూ పోవాలి. మూడు వంతులు లైవ్, ఒక వంతు ఫ్రోజెన్ కలిపి ఒకే సిరంజితో వదలండి. లైవ్ దాన్ని తరుముతున్న ఊపులో పక్కనున్నదాన్ని కూడా కొరుకుతాయి. మొదటి రోజుల్లో కొరికి ఉమ్మేస్తాయి, అదీ మంచి సూచనే, రుచి చూశాయన్నమాట. మూడు నాలుగు రోజులకొకసారి పాళ్ళు మార్చుకుంటూ వెళ్ళండి. ఒక్క పురుగుని సన్నటి చిమ్టాతో పట్టుకుని, పఫర్ ముందు చెయ్యి అతి కొద్దిగా వణికించడం ఇంకో పద్ధతి. రెండు కళ్ళూ విడివిడిగా తిప్పి దాన్ని గమనిస్తుంది, తోక ఒక పక్కకి వంచుతుంది, ఆ తర్వాత ఒక్క కాటు. గుంపులో ఒకటి తినడం మొదలుపెడితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. ఓపిక పట్టండి, ఒక్కోదానికి నెల కూడా పట్టొచ్చు. నత్తలు మాత్రం ఎప్పటికీ మానొద్దు, పఫర్ పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, గుల్ల కొరకడం వల్లే అరుగుతాయి.

లైవ్ అన్నాను కాబట్టి ఒక మాట. షాపులో దొరికే ఎర్ర ట్యూబిఫెక్స్ మురికి కాలువల బురదలో పెరిగేవి. కడిగి ఇచ్చామన్నా లోపల ఉన్నది పోదు. వాటి మీద ఉన్న చేపల్ని ఫ్రోజెన్‌కి మార్చడమే నా సలహా. ఫ్రీజింగ్ వల్ల పరాన్నజీవులు చాలావరకు చస్తాయి. బాక్టీరియా, వైరస్‌లు మాత్రం చావవు, అందుకని ఎక్కడ తయారైందో చూసి, గామా కిరణాలతో శుద్ధి చేసిన రకం దొరికితే అదే కొనండి.

బ్లడ్‌వార్మ్స్ ఒక్కటే రోజూ ఇవ్వకండి. డాఫ్నియాలో పైపెంకు ఎక్కువ, పేగుల్ని శుభ్రం చేస్తుంది. పెద్ద ఆర్టీమియా చేపలకి ఇష్టమే కానీ దానిలో బలం తక్కువ, కొవ్వు, విటమిన్లు కలిపి ఫ్రీజ్ చేసిన రకమైతే మేలు. మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవి) ఖరీదు ఎక్కువైనా ఎదిగే డిస్కస్‌లకి బాగా పడుతుంది. వారంలో వీటిని తిప్పుతూ ఇవ్వండి.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి. రొయ్యలు, చేప ముక్కలు, ఉడికించిన పాలకూర మెత్తగా రుబ్బి గట్టిపరిచి ఫ్రీజ్ చేయడం మన దగ్గర బాగా నడుస్తోంది, రొయ్యలకి మనకి కొదవ లేదు కదా. గట్టిపరచడానికి జిలాటిన్ వాడితే డిస్కస్ ట్యాంక్‌లో చిక్కు. జిలాటిన్ 30 డిగ్రీలు దాటుతుంటేనే కరగడం మొదలవుతుంది, మీ ట్యాంక్ వేడి దాదాపు అంతే. ముద్ద విడిపోయి నీళ్ళు పాలలా అయిపోతాయి. చైనా గ్రాస్ వాడండి, అది 85 డిగ్రీల దాకా కరగదు. దాన్ని మరిగించి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి తగ్గాక రుబ్బినదాంట్లో కలిపి, జిప్ కవర్‌లో పోసి చపాతీ మందాన పరిచి ఫ్రీజ్ చేయండి. అలా పలచగా ఉంటే ఎంత కావాలంటే అంత విరుచుకోవచ్చు. ట్యాంక్‌లో అలంకరణ రొయ్యలు ఉన్నవాళ్ళు మాత్రం మార్కెట్ పచ్చి రొయ్యల జోలికి పోవద్దు. మన చెరువుల్ని 1990ల నుంచి వేధిస్తున్న వైట్ స్పాట్ వైరస్ ఫ్రీజర్‌లో చావదు. చేపలకి దానివల్ల ఏమీ కాదు, రొయ్యలు మాత్రం మిగలవు.

కొనేటప్పుడు ప్యాకెట్‌ని వెలుతురుకి పట్టి చూడండి. గళ్ళన్నీ విడివిడిగా, నిండుగా ఉండాలి. గళ్ళు ఒకదానిలోకొకటి కారి కలిసిపోయినా, పైన ఎర్రటి ఐస్ పొర ఉన్నా, దారిలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. ఇంటికి థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకోండి, వేసవిలో బండి డిక్కీలో పెట్టి తెస్తే ఇల్లు చేరేలోపే కరిగిపోతుంది. ఇంట్లో కరెంటు పోతే కరిగిందో లేదో తెలియడానికి తేలికైన ఉపాయం ఉంది. ఒక చిన్న కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఊరినుంచి వచ్చాక బిళ్ళ పైనే ఉంటే మేత భద్రం. మంచులోకి దిగిపోయి ఉంటే అంతసేపు కరెంటు లేదని అర్థం, ప్యాకెట్ పారేయండి. మేతని మూత గట్టిగా ఉండే వేరే డబ్బాలో, పేరు రాసి పెట్టండి. ఇంట్లో వంట చేసేవాళ్ళకి ముందే చెప్పి, వాళ్ళు ఒప్పుకున్న చోట పెట్టడం న్యాయం.

బ్లడ్‌వార్మ్స్‌కి ఆ ఎరుపు హిమోగ్లోబిన్ వల్ల వస్తుంది. కొందరికి అదే పడదు. చేతులు దురద పెట్టడం, కళ్ళు ఎర్రబడటం, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం రావడం జరుగుతుంది. గ్లోవ్స్ వేసుకోండి, ఆ చేత్తో కళ్ళు ముట్టుకోవద్దు. పొడిగా ఎండబెట్టిన రకం అయితే దుమ్ములా ముక్కులోకి పోతుంది కాబట్టి ఇంకా జాగ్రత్త.

పొట్ట ఉబ్బిన మీ డిస్కస్‌కి రెండు రోజులు మేత ఆపేయండి. తర్వాత డాఫ్నియా మాత్రమే కొంచెం ఇవ్వండి. పొట్ట తగ్గి, చేప చురుగ్గా ఉంటే ఇది ఎక్కువ తినడం వల్ల వచ్చిందే. అలా కాకుండా మేత ముందు పెట్టినా తినకుండా, ఒళ్ళు నల్లబడి, మూలన నిలబడి, తెల్లటి దారంలాంటి మలం వేస్తుంటే పేగుల్లో పరాన్నజీవులున్నాయని అనుమానించాలి. అప్పుడు దాన్ని వేరే ట్యాంక్‌లోకి మార్చి, ఫొటోతో మళ్ళీ రాయండి. మందు సంగతి అప్పుడు చూద్దాం, ముందే వేయకండి. ఈలోగా ట్యాంక్ నీళ్ళు రోజూ నాలుగో వంతు మారుస్తూ, ఇసుక పైపొరని సైఫన్ చేసి అందులో పోయిన పురుగుల్ని తీసేయండి. గాజు మీద సన్నటి తెల్ల పురుగులు పాకుతూ కనిపిస్తే అవి మిగిలిన మేత మీద పెరిగినవే, మేత తగ్గిస్తే అవీ తగ్గుతాయి.

సంక్రాంతికి ఊరెళ్తే ఎలా అన్నారు. ఐదారు రోజులైతే మూడంగుళాల ఆరోగ్యమైన డిస్కస్‌లకి ఆటో ఫీడర్‌లో రోజుకి ఒకసారి కొద్దిగా పెల్లెట్లు చాలు. ఫ్రోజెన్ పని పక్కింటివాళ్ళకి అప్పగించకండి, ప్రేమతో రెండు క్యూబ్‌లు ఎక్కువ వేస్తారు. పఫర్లకి మాత్రం వెళ్ళే ముందు రోజు ట్యాంక్‌లో నత్త పిల్లలు కొన్ని వదిలి వెళ్ళండి, కావాల్సినప్పుడు అవే వేటాడుకుంటాయి.